ఇంటి అక్వేరియంలో పగడపు జీవి జబ్బుపడినప్పుడు

(టెక్సస్‌లో సముద్రపు అక్వేరియంలు పెంచే తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

మిత్రులందరికీ నమస్కారం.

జబ్బుపడిన కోరల్‌కు, అంటే పగడపు జీవికి, ఏ మందు వేయాలో చెప్పమని నన్ను ఇక్కడికి పిలిచారు. మందుల సంగతి చెబుతాను కానీ ముందు చెప్పను, ఎందుకంటే ఇన్నేళ్లలో నా తొట్టెలో చనిపోయిన కోరల్స్‌లో మందు అందక చనిపోయినవాటి కంటే, ఏం జబ్బో తేల్చుకోకుండా నేను పోసిన మందుల వల్ల చనిపోయినవే ఎక్కువ. మాటలు రాని పసిబిడ్డ కడుపునొప్పి వచ్చినా, చెవిపోటు వచ్చినా, ఆకలి వేసినా ఒకటే ఏడుపు ఏడుస్తుంది. కోరల్ పరిస్థితీ అంతే. ముడుచుకోవడం, రంగు తగ్గడం, రంగు ముదరడం, జిగురు కార్చడం, కణజాలాన్ని వదిలేయడం అనే నాలుగైదు లక్షణాలు తప్ప దాని దగ్గర చెప్పుకోవడానికి వేరే భాష లేదు. కారణాలు మాత్రం పాతికకు తక్కువ ఉండవు. అందువల్ల లక్షణాన్ని చూసి మందు వెతకడం అనే పద్ధతి ఇక్కడ పనిచేయదు. ఆ లక్షణం ఎక్కడ మొదలైంది, ఎటు పాకుతోంది, ఎంత వేగంగా పాకుతోంది, దానికి ముందు నెలరోజుల్లో తొట్టెలో ఏం మారింది అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు రాసుకున్న తరువాతనే చేయి నీళ్లలో పెట్టాలి.

మన పెళ్లిళ్లలో నల్లపూసల మధ్య గుచ్చే పగడం మధ్యధరా సముద్రపు ఎర్ర కోరల్ తాలూకు గూడు, అంటే దాని గట్టి అస్థిపంజరం. అది రాయి, లేదా మొక్క అని శతాబ్దాల పాటు నమ్మారు. పద్దెనిమిదో శతాబ్దంలో మార్సెయ్ నగరానికి చెందిన పెసోనెల్ అనే వైద్యుడు, దాని కొమ్మల మీద పువ్వులుగా కనిపించేవి నిజానికి జంతువులని గమనించి చెబితే, ప్యారిస్ పండితులు ఒప్పుకోలేదు. ఈ కథ ఎందుకంటే, మనలో చాలామంది ఇవాళ్టికీ కోరల్‌ను మొక్కలాగే చూస్తాం. వాడిపోతే వెలుతురు పెంచుతాం, ఎరువు వేసినట్టు ఏదో ఒక సీసా ఒంపుతాం. మనం పెంచే రకాలు జంతువులే అయినా వాటి కణాల లోపల కంటికి కనిపించని శైవలాలు, అంటే నాచు జాతి సూక్ష్మజీవులు, కాపురం ఉంటాయి. కోరల్ వాటికి చోటు ఇస్తుంది, అవి వెలుతురుతో ఆహారం తయారుచేసి అందులో చాలా భాగం కోరల్‌కు ఇస్తాయి. మనం చూసే గోధుమ ఛాయ వాటిదే. వెలుతురు గానీ వేడి గానీ హద్దు మీరితే ఆ శైవలాల నుంచి కోరల్ కణాలకు హాని చేసే ఆక్సిజన్ రూపాలు పుడతాయి, అప్పుడు కోరల్ వాటిని బయటకు నెట్టేస్తుంది. తెల్లబారడం అంటే ఇదే. జంతువు బతికే ఉంది, వంటవాడు వెళ్లిపోయాడు.

ఇక్కడ మొదటి వ్యత్యాసం గుర్తుపట్టాలి. తెల్లగా ఉన్న కోరల్‌ను భూతద్దంతో పక్క నుంచి చూడండి. తెల్లటి గూడు మీద గాజు కాగితం పరిచినట్టు పలచటి పొర కనిపించి, రాత్రి పూట పాలిప్‌లు, అంటే పువ్వుల్లా విచ్చుకునే ఆ చిన్న జీవులు, కొద్దిగానైనా బయటకు వస్తుంటే అది తెల్లబారిన కోరల్, ప్రాణం ఉంది. పొర అన్నదే లేకుండా గూడు గరుకుగా, పొడిగా కనిపించి, రెండు మూడు రోజుల్లో దాని మీద పాచి పట్టడం మొదలైతే అక్కడ కణజాలం పోయింది. మొదటిదానికి నీడ, నిలకడ, తిండి కావాలి. రెండోదాని విషయంలో గంటలు లెక్కపెట్టుకోవలసి రావచ్చు. ఈ రెండింటినీ కలిపి "తెల్లబడింది" అని ఒకే మాట అనేయడం వల్ల, తెల్లబారినదాన్ని కోసి పారేసినవారినీ, కణజాలం ఊడిపోతున్నదానికి దీపం తగ్గించి కూర్చున్నవారినీ చూశాను.

నా సొంత కథ ఒకటి చెబుతాను, నాకు గౌరవం తెచ్చేది కాకపోయినా. మా ఇంట్లో మూడు వందల లీటర్ల తొట్టెలో ఏడు తలల టార్చ్ కోరల్ ఒకటి ఉండేది. టార్చ్ అంటే మీకు తెలిసిందే, పొడవాటి స్పర్శకాలు నీటి వాలుకు ఊగుతుంటే వరి వెన్నులు ఊగినట్టు ఉంటుంది. ఒక వారం అవి సగం పొడవే చాచాయి. వెలుతురు చాలడం లేదనుకుని మొదటిరోజు పైకి జరిపాను. మరునాడు నీటి తోపు ఎక్కువైందని పంపు తగ్గించాను. మూడోనాడు అయోడిన్ నీళ్లలో ముంచి తీశాను. ఆరో రోజు ఉదయం చూస్తే ఒక తల మీద చిక్కటి బెల్లం పాకం లాంటి గోధుమ రంగు జిగురు కారుతోంది. దాన్నే బ్రౌన్ జెల్లీ అంటారు. టార్చ్, హామర్ వంటి కండగల రకాలకు ఇది ఎక్కువగా వస్తుంది. ఆ జిగురు చుక్కను సూక్ష్మదర్శినిలో పెడితే సీలియేట్లు అనే ఏకకణ జీవులు గిరగిరా తిరుగుతూ కనిపిస్తాయి, వాటి పొట్టల్లో కోరల్ నుంచి మింగిన గోధుమరంగు శైవలాలు ఉంటాయి. అయితే అవే అసలు నేరస్థులా, లేక బ్యాక్టీరియా పాడుచేసిన కణజాలానికి విందుకొచ్చాయా అన్నది వేరే చర్చ. ఆరోగ్యంగా ఉన్న టార్చ్‌ను అవి సాధారణంగా ఏమీ చేయలేవు. కాబట్టి అసలు ప్రశ్న, అది ఎందుకు నీరసించింది అన్నది.

ఆ సాయంత్రం ఒక మిత్రుడు నీటిలో ఉప్పు కొలిచే తన రిఫ్రాక్టోమీటర్ పట్టుకొచ్చి నా తొట్టె నీటి చుక్క వేసి చూస్తే లవణీయత 31 అని చూపించింది. ఉండవలసింది 35, అంటే లీటరు నీటిలో దాదాపు 35 గ్రాముల లవణాలు. నా పరికరం మాత్రం 35 అనే చెబుతోంది. నెల క్రితం పరికరాన్ని సరిచూసుకునే, లవణీయత ముందే తెలిసిన ప్రామాణిక ద్రావణం అయిపోతే, వడగట్టిన మంచినీళ్లతో సున్నా దగ్గర సరిచేసి సరిపోయిందనుకున్నాను. సున్నా దగ్గర నిజం చెప్పే పరికరం 35 దగ్గర కూడా నిజం చెప్పాలని లేదు. పైగా చవక రకాల్లో చాలావాటి గీతలు మామూలు ఉప్పు ద్రావణానికి గీసినవే గానీ సముద్రపు నీటికి గీసినవి కావు. ఆ తప్పుడు అంకె ఎక్కువగా కనిపించిందని నేను నెలంతా కొద్దికొద్దిగా మంచినీళ్లు కలుపుతూ, సముద్రాన్ని నా చేతులతోనే పలచన చేశాను.

దీనికి సాక్ష్యం నా నోటుపుస్తకంలోనే ఉంది, నేను చదవలేదంతే. కాల్షియం 370 పీపీఎం (పది లక్షల వంతుల్లో 370) అని, మెగ్నీషియం 1150 అని రాసుకున్నాను. సముద్రంలో అవి సుమారు 415, 1290 ఉంటాయి. రెండూ ఇంచుమించు తొమ్మిదో వంతు తగ్గాయి, లవణీయత కూడా అంతే తగ్గింది. ఇవన్నీ ఒకే నిష్పత్తిలో పడిపోయినప్పుడు విడివిడిగా సీసాలు కొనకూడదు, నీరు పలచబడిందేమో చూడాలి. నేనేమో కాల్షియం తక్కువగా ఉందని కాల్షియం పోశాను. ఆల్కలినిటీ, అంటే ఆమ్లాన్ని తట్టుకునే నీటి క్షారగుణం, ఒక్కటే సరిగ్గా ఉండటంతో అంతా బాగానే ఉందని ధైర్యపడ్డాను. దాన్ని పెంచే ద్రావణాన్ని రోజూ ఒక పంపు పోస్తోంది కాబట్టి అది బాగుంది, అంతేగానీ నీరు బాగుండి కాదు.

చికిత్స రెండు భాగాలుగా జరిగింది. జెల్లీ విషయంలో ఆలస్యం పనికిరాదు. ముందు పంపులన్నీ ఆపాలి, లేకపోతే ఆ జిగురు తునకలు తొట్టె అంతా తిరిగి పక్క కోరల్స్ మీద వాలుతాయి. సన్నటి గొట్టంతో జిగురును నేరుగా మగ్గులోకి లాగేసి పారబోశాను. తరువాత కోరల్‌ను తొట్టె నీళ్లే నింపిన బకెట్‌లోకి తీసి, జబ్బు తలను దాని కొమ్మ మీద బాగా కిందికి, ఎముకలు కోసే కత్తెరతో తెంచాను. టార్చ్‌లో తలలు కొమ్మలుగా పెరుగుతాయి, ఒక్కో తల ఒక్కో కొమ్మ చివర విడిగా ఉంటుంది కాబట్టి ఇది సాధ్యం. కొన్ని హామర్‌ల మాదిరి గోడలా కలిసి పెరిగే రకమైతే కోత ప్రాణమున్న కండలోంచే పోవాలి, అది చాలా కష్టం. మిగతాదాన్ని సీసా మీద రాసిన మోతాదులో అయోడిన్ కలిపిన సముద్రపు నీటిలో ముంచి, హీటర్, చిన్న పంపు ఉన్న వేరే తొట్టెలో పెట్టాను. రెండు రోజుల తరువాత పక్క తలకు కూడా సోకితే దాన్నీ తెంచవలసి వచ్చింది. మూడో తల జెల్లీ లేకుండానే గూట్లోకి కుంచించుకుపోయి కనిపించకుండా పోయింది. దాని సంగతి చివర్లో చెబుతాను.

నీటి విషయంలో మాత్రం దీనికి సరిగ్గా వ్యతిరేకంగా, ఓపిగ్గా నడవాలి. 31ని ఒక్కరోజులో 35 చేస్తే ఆ కుదుపుకే మిగతావి పోతాయి. నా తొట్టెలో రోజుకు సుమారు నాలుగు లీటర్లు ఆవిరవుతుంది. మామూలుగా ఆ లోటును మంచినీళ్లతో పూడుస్తాం. ఆ ఎనిమిది రోజులు మంచినీళ్లకు బదులు 35 లవణీయత ఉన్న ఉప్పునీళ్లు పోశాను. నాలుగు లీటర్లలో 140 గ్రాముల ఉప్పు, మూడు వందల లీటర్లకు సర్దితే రోజుకు అర పాయింటు చొప్పున పెరుగుతుంది. వేరే తొట్టెలో ఉన్న కోరల్ నీటిని కూడా అదే మెట్లలో పెంచాను. ఈ ఎనిమిది రోజుల్లో దీపం ముట్టుకోలేదు, పంపు ముట్టుకోలేదు, కొత్త సీసా తెరవలేదు. ఒకేసారి మూడు మారిస్తే, బాగుపడినా ఏది పనిచేసిందో తెలియదు, చెడినా ఏది చెరిచిందో తెలియదు.

ఇప్పుడు ఆ నాలుగు ప్రశ్నలను మిగతా జబ్బులకు అన్వయించి చూద్దాం. జబ్బు కోరల్‌కు ఒక్క పక్కనే ఉంటే నీటిని అనుమానించే ముందు ఆ పక్కన ఎవరున్నారో చూడాలి. రాత్రి దీపాలు ఆరిన రెండు గంటలకు ఎర్ర వెలుతురు టార్చిలైటు పట్టుకుని చూస్తే, పగలు మర్యాదగా కనిపించే గెలాక్సియా వంటి కోరల్ పొడవాటి విషపు స్పర్శకాలు చాచి పొరుగువాడిని తడుముతూ దొరుకుతుంది. రెండింటినీ దూరం జరపడమే మందు. మచ్చలు గుండ్రంగా, మిల్లీమీటరు ప్రమాణంలో, అక్రోపోరా అనే రాతి కోరల్ కొమ్మల మీద చల్లినట్టు ఉంటే అవి చదును పురుగుల కొరుకుళ్లు కావచ్చు. ఆ పురుగులు కోరల్ రంగులోనే ఉంటాయి కాబట్టి కంటికి ఆనవు, గొట్టంతో గట్టిగా నీరు చిమ్మితే రాలి పడతాయి. మాంటిపోరా అనే మరో రాతి కోరల్ అంచు కింది నుంచి తరిగిపోతుంటే తిరగేసి చూడండి, తెల్లటి న్యూడిబ్రాంక్‌లు (చిప్ప లేని సముద్రపు నత్తలు), వాటి గుడ్ల గుత్తులు అక్కడ ఉంటాయి. ముంచి తీసే మందులు పెద్ద పురుగులను రాలుస్తాయి గానీ గుడ్లను చంపవు. కనుక గుడ్లను గీకేసి, వారానికోసారి చొప్పున ఐదారు వారాలు మళ్లీ మళ్లీ ముంచక తప్పదు. ఒక్కసారి ముంచి పని అయిపోయిందనుకునేవారే ఈ పురుగులను ఊరంతటికీ పంచుతున్నారు, దయచేసి తప్పుగా అనుకోకండి.

అక్రోపోరా అడుగు నుంచి పైకి తెల్లగా ఊడుతూ వస్తుంటే వేగం ముఖ్యం. వారాల తరబడి నెమ్మదిగా పాకుతుంటే ఎక్కువ సందర్భాల్లో ఆల్కలినిటీ ఊగిసలాట కనిపిస్తుంది. సముద్రంలో అది సుమారు 7 డీకేహెచ్ (ఆల్కలినిటీని కొలిచే ప్రమాణం). మన తొట్టెల్లో 7 నుంచి 11 వరకు నడుపుతాం. ఎక్కడ నడిపినా పరవాలేదు కానీ సోమవారం 7, శుక్రవారం 10 అయితే ఏ కోరల్ తట్టుకోదు. కొమ్మల కొసలు మాడినట్టు తెల్లబడితే మాత్రం, ఆల్కలినిటీ ఎక్కువగా ఉండి, నీటిలోని పోషకాలైన నైట్రేట్, ఫాస్ఫేట్ దాదాపు సున్నాకు చేరాయేమో చూడండి. ఇక గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో, వేడినీళ్లలో వేసిన టమాటో తొక్కలా కండ జారిపోతుంటే, ఆ కోరల్‌ను కాపాడే ఆలోచన మానేసి దాని కొసలను కాపాడండి. ఊడుతున్న గీతకు ఒకటి రెండు సెంటీమీటర్ల పైన, ఆరోగ్యంగా ఉన్న చోట కోసి, జిగురుతో కొత్త రాయికి అతికించి, కొన్ని ముక్కలను వీలైతే మరో మిత్రుడి తొట్టెలో పెట్టండి.

నైట్రేట్, ఫాస్ఫేట్ మాట వచ్చింది కాబట్టి ఒక మూఢనమ్మకం గురించి చెప్పాలి. మా తరం వారికి ఈ రెండూ సున్నా ఉంటేనే నీరు శుభ్రమని నేర్పారు. 2013లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించినదేమిటంటే, నైట్రోజన్ పుష్కలంగా ఉండి ఫాస్ఫేట్ అందకపోతే లోపలి శైవలాలు ఆకలితో బలహీనపడి, వేడికీ వెలుతురుకూ కోరల్ తేలిగ్గా తెల్లబారుతుంది. నేను నైట్రేట్ 5 నుంచి 10, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎం మధ్య ఉంచుతాను. పాలిపోయిన కోరల్‌ను చూసి ఫాస్ఫేట్ పీల్చే పదార్థం ఇంకో గుప్పెడు వేసేవారు, ముందు పరీక్ష చేసి వేయండి. అలాగే రంగు ముదిరి గోధుమగా మారితే అది జబ్బు కాకపోవచ్చు, వెలుతురు తక్కువైనప్పుడు కోరల్ ఎక్కువ శైవలాలను పెట్టుకుంటుంది.

తెల్లబారినదానికి ఏం చేయాలంటే, వెలుతురు మూడో వంతు నుంచి సగం వరకు తగ్గించి, ఉష్ణోగ్రత 25, 26 డిగ్రీల దగ్గర కదలకుండా నిలిపి, దీపాలు ఆరిన తరువాత పాలిప్‌లు తెరుచుకున్నప్పుడు రోటిఫర్లు, సైక్లాప్స్ వంటి సన్నటి ఆహారం కొద్దికొద్దిగా అందించాలి. వంటవాడు తిరిగి వచ్చేవరకు మనమే కలిపి తినిపిస్తున్నాం అనుకోండి. కోలుకోవడానికి వారాలు, నెలలు పడుతుంది. సముద్రంలో ఈ వెసులుబాటు లేదు. వేసవిలో ఉండే గరిష్ఠ సగటు మీద ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు నిలిస్తే చాలు, దిబ్బలు తెల్లబారతాయి. 2024 ఏప్రిల్‌లో ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి తెల్లబారుతున్నాయని ప్రకటించారు, ఆ ఏడాదే మన లక్షద్వీప్ దిబ్బలు కూడా దెబ్బతిన్నాయి.

అసలు జబ్బే కాని జబ్బులు కూడా ఉన్నాయి. లెదర్ కోరల్ ముడుచుకుని మైనం పూసినట్టు మెరుస్తూ వారం రోజులు అలిగి కూర్చుంటే, అది కుబుసం విడుస్తోంది. కాస్త నీటి తోపు తగిలేలా చేసి వదిలేయండి. టార్చ్ ఒక పూట ముడుచుకుని నోటి నుంచి గోధుమ తీగలు వదిలితే అది మిగులు శైవలాలను పారేస్తోంది. ఆ పూటే అయోడిన్ సీసా తీయకండి.

మందుల విషయంలో నా అభిప్రాయం కొందరికి నచ్చదు. బ్రౌన్ జెల్లీకీ, కండ ఊడే జబ్బుకూ యాంటీబయాటిక్ మాత్రలను నూరి తొట్టెలో కలపడం మన దగ్గర పెరిగింది. 2014లో ఫ్లోరిడాలో మయామీ దగ్గర రాతి కోరల్స్ కణజాలం ఊడిపోయే వ్యాధి బయటపడి కరీబియన్ అంతటా పాకింది. అక్కడ డైవర్లు అమాక్సిసిలిన్ కలిపిన ముద్దను గాయం అంచున గోరంత వెడల్పున పూస్తారు గానీ సముద్రంలో కలపరు. మనం తొట్టెలో కలిపిన నీరు నెలాఖరుకు సింకులోంచి ఊరి మురుగులోకి పోతుంది, మందుకు లొంగని బ్యాక్టీరియాను పెంచుతుంది. జెల్లీ తలను తెంచితే సరిపోయే చోట నేను ఆ పని చేయను.

చేతుల గురించి ఒక్క మాట, దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. జొయాంథిడ్లు (రాతి గూడు లేని, కోరల్‌కు దగ్గరి బంధువులు), ముఖ్యంగా పాలిథోవా రకాలను కోసేటప్పుడు, గీకేటప్పుడు చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా ముట్టుకోవద్దు. 1971లో హవాయి పాలిథోవా నుంచి వేరుచేసిన పాలిటాక్సిన్ అనే విషం, తెలిసిన విషాల్లో అత్యంత తీవ్రమైనవాటిలో ఒకటి. ఇవి అంటుకున్న రాయిని శుభ్రం చేయాలని వేడినీళ్లు పోసి, మరిగించి, ఆ ఆవిరి పీల్చి కుటుంబం మొత్తం ఆసుపత్రి పాలైన సందర్భాలున్నాయి. నోట్లో లోహపు రుచి, జ్వరం, ఊపిరి ఆడకపోవడం కనిపిస్తే కిటికీలు తెరిచి బయటకు వచ్చి, ఆసుపత్రిలో ఏం ముట్టుకున్నారో స్పష్టంగా చెప్పండి.

వీటిని హైదరాబాద్‌లో మా తమ్ముడింట్లో పెట్టవచ్చా అని ఎప్పుడూ ఎవరో ఒకరు అడుగుతారు. రాతి కోరల్స్, నల్ల కోరల్స్, సముద్రపు విసనకర్రలను 2001లో భారతదేశపు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. అక్కడి సముద్రం నుంచి తీసిన ముక్కను కొనడం పులి చర్మం కొనడంతో సమానమైన నేరం. రాతి కోరల్స్‌ను దేశాలు దాటించడానికి అంతర్జాతీయ అనుమతులు కూడా కావాలి. సూట్‌కేసులో పెట్టుకుని వెళ్లే ఆలోచన ఉంటే ఇక్కడే వదిలేయండి.

చచ్చిపోయిందని ఎప్పుడు తేల్చుకోవాలన్నది చివరి సంగతి. కండగల రకాల్లో పైకి గూడు బోసిగా కనిపించినా, దాని పలకల మధ్య లోతుల్లో కండ అంటుకుని మిగిలి ఉండవచ్చు. జెల్లీ లేదు, దుర్వాసన లేదు అనుకుంటే గూటిని పారేయకండి, తక్కువ వెలుతురులో ఒక మూలన రెండు మూడు నెలలు ఉంచండి. నా టార్చ్ మూడో తల అలాగే కుంచించుకుపోయింది. నాలుగు తలలు ఊగుతుంటే మధ్యలో అది బోసిగా ఉండేది, కోసేద్దామని కత్తెర కూడా తీశాను. మూడో నెలలో రెండు పలకల నడుమ పెసరగింజంత ఆకుపచ్చ చుక్క కనిపించింది. నిన్న రాత్రి ఎర్ర వెలుతురులో లెక్కపెట్టాను, దానికి ఇప్పుడు పదకొండు స్పర్శకాలు ఉన్నాయి.